లెక్క యొకరిది, నష్టమొకరిది

ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడిన నాటినుండి నంద్యాల తలిదండ్రుల కొక్కటే చింత. "మావాడు లెక్కలలో గట్టివాడు, వానిని కంప్యూటరు చదువున కంపవలెనా, ఫైనాన్సు చదువున కంపవలెనా?" వ్యాజ్యముల పనిమీద మా యొద్దకు వచ్చినవారు సైతము కాగితములు ముడిచిన పిమ్మట ఈ ప్రశ్ననే విప్పుచున్నారు. ఈ నడుమ దీనికి మఱియొక పేరు తోడైనది: క్వాంటిటేటివ్ ఫైనాన్స్. పేరు పెద్దది. జీతము అంతకన్న పెద్దదని వినికిడి. ఆళ్లగడ్డ ప్రాంతపు చిన్న రైతు సైతము ఉన్న రెండెకరములు కుదువబెట్టియైనను కొడుకునకు ఈ పట్టము కట్టింప నుద్యుక్తుడగుచున్నాడు. కావున ఈ విషయమున మా యభిప్రాయమును దాపరికము లేక చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

కంప్యూటరా, ఫైనాన్సా యను ప్రశ్నయే సరికాదు. గణితమును, కంప్యూటరు శాస్త్రమును మొదలంట నేర్చి, ఆ మొదటిపై ఫైనాన్సును అంటుగట్టవలెను. బనగానపల్లె మామిడిని ఎఱిగిన వారికి అంటు సంగతి మేము చెప్పనక్కఱలేదు; వేరు గట్టిది కానిదే కొమ్మ నిలువదు. అట్టి కలయిక చదువు హైదరాబాదునను, ముంబయియందును డబ్బు పోయగలవారికే గాక, నంద్యాల ఆళ్లగడ్డల ప్రభుత్వ కళాశాలలలో ఫీజునకు తడుముకొను బిడ్డకును దొరకవలెను. దొరకనంతకాలము మన జిల్లా లెక్కను పరులు వేయుదురు. ఆ లెక్కలో తరుగు మాత్రము మన పద్దున పడును.

ఇంతకును ఈ విద్య యేమి? రేపటి ధర యెంతయో ఎవ్వడును చెప్పజాలడు. కాని రేపటి ధర ఎన్ని విధముల నుండవచ్చునో, ఒక్కొక్క విధమునకు ఎంత సంభావ్యత కలదో, ఆ యనిశ్చితమును ఒకనినుండి మఱియొకనికి బదిలీ చేయుటకు నేడు ఎంత మూల్యము న్యాయమో లెక్కింపవచ్చును. 1900 సంవత్సరమున పారిసునగరమున లూయీ బాషిలియే అను విద్యార్థి తన సిద్ధాంతవ్యాసమున దీనికి నాంది పలికెను. జపానుదేశీయుడు కియోషి ఇటో 1940 దశకమున యాదృచ్ఛిక చలనములకు ఒక నూతన కలనగణితమును నిర్మించెను. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్ అనువారు దానిని ఆప్షనుల ధర కన్వయించిరి. ఈ మువ్వురి సూత్రము కాగితముమీద ఒక పంక్తి. ఆ పంక్తిని క్షణమునకు వేలమాఱులు వేలకొలది ధరలపై నడపునది కంప్యూటరు. అనగా ఈ విద్యయందు ఫైనాన్సు పేరు మాత్రమే పైకి కనబడుచున్నది. లోపల ఎముక గణితము, కండ కంప్యూటరు.

పేరు నమ్మి మోసపోవువారు పెక్కురు గనుక ఈ మాట ముందుగా చెప్పుచున్నాము. పట్టము పేర "క్వాంటిటేటివ్" అను విశేషణము తగిలించి, లోపల వాణిజ్యశాస్త్రపు పాతపాఠములే పెట్టి, గణితమునకు రెండు పత్రములతో సరిపుచ్చు విద్యావ్యాపారులు దేశమున తక్కువ కారు. వారి ప్రచారపత్రములలో గాజుమేడల చిత్రములుండును, జీతములుండును. పాఠ్యప్రణాళిక మాత్రము వెదకినను కానరాదు. మూడేండ్లు ఆ చదువు చదివినవాడు పెద్ద సంస్థల తలుపు తట్టినచో లోపలివా డడుగు మొదటి ప్రశ్న సంభావ్యతపై, రెండవది ప్రోగ్రామింగుపై. ఫైనాన్సు సంగతి తరువాత నేర్పుకొందుమని వారే యందురు. ఏలనగా గణితము నెఱిగినవాడు ఫైనాన్సును ఒక యేటిలో పట్టుకొనగలడు. ఫైనాన్సుతో మొదలిడినవాడు ఇరువదిమూడేండ్ల ప్రాయమున వాస్తవ విశ్లేషణమును మొదటినుండి నేర్చుట మిక్కిలి దుర్లభము.

"అయ్యా, ఇవి ముంబయి మాటలు, మా యూరికేల?" అను వారున్నారు. వారికి సెబీవారి లెక్కలను చూపెదము. ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములాడిన వ్యక్తులనుగూర్చి ఆ సంస్థ 2024 సెప్టెంబరులో ఒక పరిశీలన ప్రకటించెను. 2022 మార్చి మొదలు 2024 మార్చి వఱకు ముగిసిన మూడు ఆర్థికసంవత్సరములలో ఒక కోటికి పైబడిన వ్యక్తులు ఈ బేరములాడగా, నూటికి 93 మంది నష్టపోయిరి. వారి నష్టముల మొత్తము 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించినది. వీరెవ్వరు? 2023-24లో నూటికి 43 మంది ముప్పదియేండ్లు నిండనివారు. నూటికి 72 మందికి పైగా మొదటి ముప్పది పెద్దనగరములకు వెలుపలివారు. నూటికి 75 మందికి పైగా ఏటికి అయిదు లక్షలలోపు ఆదాయము చూపినవారు. ఇక పాఠకులు ఊహింపవచ్చును: వీరు మన వీథివారు. బస్టాండు ప్రక్క టీ అంగడిలో ఫోను పట్టుకొని గురువారపు గడియారము చూచుచుండిన బాలుడు ఈ లెక్కలోని వాడే.

పోయిన ధనమున కొంత ఎటు చేరినది? అదే పరిశీలన చెప్పుచున్నది. 2023-24లో సొంతధనముతో వ్యాపారము చేయు సంస్థలు ఖర్చులు తీయక మునుపు సుమారు 33 వేల కోట్లును, విదేశీ మదుపు సంస్థలు సుమారు 28 వేల కోట్లును లాభపడెను. ఆ లాభములలో నూటికి 96, 97 వంతులు యంత్రగణనతో, అనగా ప్రోగ్రాముచేత నడుపబడు బేరములనుండి వచ్చినవి. ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము మే మేన్యాయస్థానమునను చూచి యుండలేదు. ఒకవైపున గణితమును, కంప్యూటరును, ఫైనాన్సును కలిపి నేర్చినవారు. మఱియొకవైపున ఫోనుమీద పచ్చగీత ఎఱ్ఱగీత చూచి పందెము వేయువారు. ఇది బజారు కాదు, వేట. 2024 నవంబరునుండి సెబీ కాంట్రాక్టుల పరిమాణమును పెంచినది, వారపు గడువులను కుదించినది. అయినను 2024-25లో సైతము నూటికి 91 మంది నష్టపోయిరనియు, నికరనష్టము 1,05,603 కోట్లనియు ఆ సంస్థయే 2025 జూలైలో ప్రకటించెను. కంచె కట్టిన మాట నిజమే. కంచె దాటిన లేడికి మాత్రము వేటగాని విద్య ఎవ్వరును నేర్పలేదు.

ఆ నెలయందే మఱియొక సంగతి. 2025 జూలై 3న సెబీ అమెరికా సంస్థయగు జేన్ స్ట్రీట్ పై మధ్యంతరోత్తర్వు జారీచేసి, సూచీల గడువుదినములలో ధరలను తమకు అనుకూలముగ కదల్చినారని ఆరోపించి, 4,843 కోట్ల రూపాయలకు పైబడిన మొత్తమును నిలిపివేయ నాజ్ఞాపించెను. ఆ సంస్థ ఆరోపణను కాదనెను. ఆరోపణ వేఱు, నిరూపణ వేఱు గనుక, న్యాయవాదులమైన మేము దోషియను మాట వాడము. మా ప్రశ్న వేఱు. ఆ యుత్తర్వులోని పట్టికలను చదివి, వాదము సరియో కాదో స్వయముగ తేల్చుకొనగల పట్టభద్రులు మన జిల్లాయందు ఎందఱున్నారు? నేరము జరిగినదో లేదో తెలిసికొనుటకే లెక్క రావలసిన కాలమిది. పూర్వము దొంగ గోడకు కన్నము వేసిన గ్రామమునసబునకు కంటికి కనబడెడిది.

ఇచ్చట ధర్మబుద్ధిగల పెద్దలు అడ్డువత్తురు. "జూదమునకు చదువేల? ఆడువారిని ఆడకుండ చేయుడు గాని, ఆట నేర్పుదురా?" అని. ఈ మాటను మేము గౌరవింతుము, కాని అంగీకరింపము. పందెము మానవచ్చును, అనిశ్చితము మానుటకు రాదు. నంద్యాల పొలములలో పప్పుశనగ విత్తువాడు సెబీ పేరు వినకపోవచ్చును. అతడు నవంబరులో విత్తి ఫిబ్రవరి ధరపై పందెము కాయుచునే యున్నాడు. 1906లో వెలసిన నంద్యాల వ్యవసాయ పరిశోధనాక్షేత్రము పేర వెలువడిన శనగ రకములకు ఎన్.బి.ఇ.జి. అను గుర్తు కలదు. అందలి మొదటి యక్షరము నంద్యాలదే. విత్తనమునకు మన యూరి పేరు. ధరకో? ముంబయిలోని ఎన్.సి.డి.ఇ.ఎక్స్. అను సరకుల ఎక్స్ఛేంజిలో శనగ ఫ్యూచర్స్ నడచినన్నాళ్లు ధరసూచన యచ్చటనుండి వచ్చెడిది. 2021 ఆగస్టులో కొత్త శనగ కాంట్రాక్టులను ఆపిరి. డిసెంబరులో వరి, గోధుమ, పెసలు మొదలగువానిని చేర్చి ఏడు సరకులపై నిషేధము విధించిరి. ఆపైన గడువును పలుమాఱులు పొడిగించిరి. ఫ్యూచర్సు రైతునకు మేలా, కీడా? నిషేధము మేలా, కీడా? ఇరువైపుల వాదించిన వారెల్లరు ఢిల్లీ ముంబయిలవారే. పప్పుశనగ పండించు సీమనుండి అంకెలతో ఒక్క పత్రము సమర్పింపబడినట్లు మేము వినలేదు.

బీమా సంగతి ఇంతకన్న దగ్గఱిది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున రైతు కట్టవలసిన వాటా ఖరీఫు ఆహారపంటకు బీమా మొత్తముపై నూటికి 2, రబీకి 1.5, వాణిజ్య పంటలకు 5. మిగిలిన ప్రీమియమును కేంద్ర రాష్ట్రములు భరించును. ఆ మిగిలిన దెంత? దానిని నిర్ణయించునది సంభావ్యతాశాస్త్రము. నష్టపరిహారమును నిర్ణయించునది నీ చేను గాదు, నీ గ్రామపు సగటు దిగుబడి. వాతావరణ బీమాయందైతే సగటు దిగుబడియు గాదు, వర్షమాపక యంత్రము. యంత్రమున్న చోట చినుకు పడి, నీ చేను బీడువడినచో నీకు కాసు రాదు. దీనికి ఈ శాస్త్రమున ఒక పేరు కలదు, దానిని తగ్గించు పద్ధతులు కలవు: మాపకములు ఎంత దగ్గఱగా నుండవలెను, ఏ దినము మొదలు ఏ దినము వఱకు వాన లెక్కింపవలెను, ఏ పరిమితిని దాటిన పరిహారము మొదలిడవలెను అను వానిని గణితము చేతనే తేల్పవచ్చును. ఆళ్లగడ్డ కుఱ్ఱడు తన మండలపు ముప్పదియేండ్ల వానలెక్కను ఒక ప్రోగ్రాములో నెక్కించి, "ఈ పరిమితి మాకు అన్యాయము, ఇదిగో లెక్క" యని కలెక్టరు బల్లపై పెట్టగలిగిననాడు, ఆ చదువును జూదమందుమా?

పరుల లెక్కచేత మన సీమ నష్టపడుట కొత్తగాదు. కుందూ లోయను తడుపు కర్నూలు–కడప కాలువను త్రవ్వినది 19వ శతాబ్దమున లండను వాటాదారుల మద్రాసు ఇరిగేషను కంపెనీ. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి 5 వంతుల వడ్డీకి ప్రభుత్వము హామీపడెను. కాలువలో నీరు పాఱినను పాఱకున్నను వాటాదారునకు 5 వంతులు ముట్టవలసినదే. నీటితీరువ వెల్లువగా వచ్చునని కంపెనీ లెక్కవేసెను. నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు పండించు రైతు వారు తలచినంతగా నీరు తీసికొనలేదు. వారి లెక్కలో మన నేల లేదు. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. వడ్డీయు, మూల్యమును దేశపు ఖజానానుండియే పోయినవి. నష్టమంతయు హామీ యిచ్చినవానిది, లాభమంతయు హామీ పొందినవానిది యగు ఇట్టి యొడంబడికకు మూల్యము కట్టుటయే నేటి క్వాంటిటేటివ్ ఫైనాన్సు మొదటి పాఠములలో నొకటి. ఆ పాఠము నెఱిగిన భారతీయుడు ఆనాడు ఆ బల్లవద్ద లేడు. కాలువ మంచిదే, నేటికిని దాని నీరు త్రాగుచున్నాము. మా తగవు నీటితో గాదు.

అంత దూరమేల, మా వృత్తిలో నిత్యము చూచునది చెప్పెదము. లక్ష రూపాయలకు మోటారుసైకిలు అప్పు తీసికొన్నవాడు "నూటికి పండ్రెండే గదా" యని మురిసి సంతకము పెట్టును. ఆ పండ్రెండు మూడేండ్లును మొత్తము లక్షపైననే కట్టబడును. నెలకు 3,778 రూపాయల చొప్పున ముప్పదియాఱు నెలలు. అసలు నెలనెల తీఱుచున్నను వడ్డీ తఱుగదు. నిజమైన వడ్డీ ఎంత? లెక్క కట్టి చూడుడు: నూటికి 21కి మీఱును. ఈ యంకె నెత్తిమీద పిడుగువలె పడినపుడు బి.కాం. చదివిన కక్షిదారుడు సైతము నమ్మలేదు. ప్రతివాదికి నమ్మకము కుదుర్చుటకు మేమే కాగితముమీద నాలుగు పర్యాయములు వేసి చూపవలసివచ్చినది. 2024 అక్టోబరు 1 నుండి చిల్లర ఋణములన్నిటికి వార్షిక నిజవడ్డీని తెలుపు సంగ్రహపత్రము ఇచ్చితీరవలెనని రిజర్వుబ్యాంకు విధించినది, మంచిపని. పత్రము ఇచ్చుటకు చట్టము చాలును. చదువుటకు చదువు కావలెను.

మఱి మన ప్రభుత్వము చేసినదేమి? ఈ భాగమును చదువునపుడు విద్యాధికారులు కోపింతురేమో, కోపింపనిండు. మన డిగ్రీ కళాశాలలలో చిరకాలము గణితము, గణాంకశాస్త్రము, కంప్యూటరు శాస్త్రము మూటిని సమానముగ చదువు వర్గ మొకటుండెడిది. ఎమ్మెస్సీయెస్ అని పిల్లలు పిలిచెడివారు. ఎవ్వరును గొప్ప పేరు పెట్టలేదు, గాజుమేడ చిత్రము వేయలేదు. కాని నేడు ప్రపంచ విశ్వవిద్యాలయములు లక్షలు గుంజి యమ్ముచున్న కలయికకు కావలసిన మూడు కాళ్లును అందున్నవి. నాలుగవదగు ఫైనాన్సును చేర్చుటయే మిగిలినది. 2023-24 విద్యాసంవత్సరమున రాష్ట్ర ఉన్నతవిద్యామండలి మూడు శాస్త్రముల వర్గములను తీసివైచి, ఒక ప్రధానశాస్త్రము, ఒక ఉపశాస్త్రము అను విధానమును ప్రవేశపెట్టెను. లోతు పెరుగునని వారి వాదము. లోతు మాకును ఇష్టమే. కాని గణితము ప్రధానముగ తీసికొన్న బాలుడు కంప్యూటరును ఉపశాస్త్రముగ నెంచుకొన్నచో గణాంకశాస్త్రము జాఱిపోవును. గణాంకశాస్త్రము నెంచుకొన్నచో కంప్యూటరు జాఱిపోవును. ప్రపంచము కలుపుచున్న దానిని మనము విడదీసితిమి. ముక్కాలిపీటనుండి ఒక కాలు లాగి, మిగిలిన రెంటిని లావుచేసితిమనుట సంస్కరణమా? విధానములు మాఱుచుండును, ఇంకను మాఱవచ్చును. ఏ విధానము వచ్చినను ఈ మూడు శాస్త్రములు ఒక్క విద్యార్థి చేతికి చేరుటకు త్రోవయుండవలెనని మా పట్టు.

ఇంజనీరింగు కళాశాలలవారు వేఱొక మాట యందురు: కంప్యూటరు సైన్సు చాలును, మిగిలినది వృథాశ్రమ యని. నంద్యాల ఇంజనీరింగు కళాశాలలలో సీట్లలో అధికభాగము ఆ శాఖకే పోవుచున్నది గనుక వారి మాట చెల్లుచున్నది. ప్రోగ్రాము వ్రాయుట నేడు యంత్రమే నేర్చినది. ఏది వ్రాయవలెనో చెప్పుట మాత్రము దానికి తెలియలేదు. ఇంతకన్న దీనిపై తడవు చేయము.

గణితము లోతుగా నేర్వవలెననుటకు మఱియొక కారణము కలదు. ఇది ఆ విద్యను పొగడువారు దాచునది. సూత్రములు విఱుగును. 1987 అక్టోబరు 19న న్యూయార్కు డౌజోన్సు సూచీ ఒక్క దినమున నూటికి 22కు పైగా కూలెను. నాడు వాడుకలోనున్న సూత్రముల ప్రకారము అట్టి దినము సృష్టి మొదలుకొని రావలసినదే గాదు. 1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజిమెంటు అను నిధి మునుగగా పదునాలుగు సంస్థలు 360 కోట్ల డాలర్లకు పైగా పోసి ఎత్తవలసివచ్చెను. అందు భాగస్వాములైన షోల్స్, మెర్టనులకు అంతకు ముందటి యేడే నోబెలు బహుమానము వచ్చియుండెను. 2008లో గృహఋణముల మూటలకు వేసిన లెక్కలు తాఱుమాఱై ప్రపంచమే వణకెను. ఆ లెక్కలలో ఒకరి యిల్లు మునిగిన ప్రక్కవాని యిల్లును మునుగునను మాట మిక్కిలి పలుచగా వ్రాయబడినది. సూత్రమును వల్లెవేసినవాడు దానిని దేవతగా పూజించును. దానిని మొదటినుండి నిర్మించి చూచినవాడే ఏ యూహ మీద అది నిలిచినదో, ఆ యూహ ఎచ్చట చెల్లదో చెప్పగలడు. ఆళ్లగడ్డ శిల్పుల పనిచోటికి పోయి చూడుడు. విగ్రహము ముఖమునుబట్టి తొమ్మిది తాళములా, పది తాళములా యని మానము కట్టి, రాతిపై గీతలు వేసిన పిమ్మటనే ఉలి యెత్తుదురు. గీతలు లేక ఉలి యెత్తిన శిష్యుని చెయ్యి పట్టి ఆపుదురు. మన కళాశాలలలో చెయ్యి పట్టువాడు లేడు. మొదటి సంవత్సరముననే షేరుమార్కెట్టు పాఠము, ఉలి విసరుటయే.

"మొఫసలు పిల్లలకు ఇంత గణితము తలకెక్కునా?" యను అవిశ్వాసము మనలోనే యున్నది. సిగ్గుచేటు. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో బళ్లారి సీమయందలి హడగలిలో తెలుగింట పుట్టెను. గూడూరు, నూజివీడు, నందిగామలలో బాల్యవిద్య. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమున ఎం.ఏ. ఆ గణితబలముతోనే కలకత్తాకు పోయి, మహలనోబిసు 1931లో స్థాపించిన గణాంకసంస్థలో చేరి, ఇరువదియైదేండ్ల ప్రాయముననే, 1945లో, ప్రపంచమంతటను పాఠ్యగ్రంథములలో చేరిన ఫలితమును ప్రకటించెను. 2023లో అంతర్జాతీయ గణాంక బహుమానము పొంది, ఆ యేటనే కన్నుమూసెను. హైదరాబాదులో ఆయన పేర వెలసిన సంస్థ పేరున గణితము, గణాంకము, కంప్యూటరు శాస్త్రము మూడును ప్రక్కప్రక్కన నున్నవి. విద్యామండలివారు ఒకపరి ఆ పలకను చదువవలెను. అంతకు వేయియేండ్ల నాటికే మహావీరాచార్యుడు వడ్డీలెక్కలతో గూడిన గణితసారసంగ్రహమును రచింపగా, పావులూరి మల్లన దానిని తెనుగుపద్యములలోనికి తెచ్చెను. గణితమును తెలుగున చెప్పుట సాధ్యముకాదనువా రీ సంగతి నెఱుగరు గాబోలు.

ఇక చేయవలసినది. విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2022 ఏప్రిలులో ఒకే కాలమున రెండు పట్టములు చదువుట కనుమతించెను. ఒకటి కళాశాలకు పోయి, రెండవది దూరవిద్యగనో ఆన్‌లైనునో చదువవచ్చును. స్వయం పాఠముల ద్వారమున నూటికి 40 వంతుల క్రెడిట్లు సంపాదించుటకు 2021నాటి నిబంధనలు దారి యిచ్చినవి. అనగా నంద్యాలలో గణితము ప్రధానముగ చదువు బాలిక ఇల్లు విడువకయే మిగిలిన శాస్త్రములను కూర్చుకొనవచ్చును. ఈ మాట ఆమెకు చెప్పు అధ్యాపకుడు కావలెను. దూరము పోగలవారికి భారత గణాంకసంస్థ కలదు, గణిత కంప్యూటరు శాస్త్రములను జంటగా బోధించు చెన్నై గణితసంస్థ కలదు, హైదరాబాదు ఐ.ఐ.టి.లో గణితము–కంప్యూటింగు శాఖ కలదు. లక్షల ఫీజుతో విదేశీ పట్టమునకు పరుగెత్తు వా రొకసారి 2006 చట్టముక్రింద నడచు భారత ఆక్చువరీల సంస్థ పరీక్షలను చూతురు గాక; కళాశాలతో నిమిత్తము లేక, పరీక్ష పిమ్మట పరీక్షగ, ఇంటినుండి చదివి పైకి రాగల మార్గమది. కష్టమైనది. ప్రచారపత్రము లేనిది.

అయినను వ్యక్తుల ప్రయత్నముతో సరిపెట్టుటకు మేమొప్పము. రాయలసీమ విశ్వవిద్యాలయపు పాఠ్యసంఘమునకు మేము సూటిగ నడుగుచున్నాము: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రభుత్వ కళాశాలలలో గణితమును ప్రధానముగ నిలిపి, గణాంకశాస్త్రమును కంప్యూటరును రెంటిని తప్పనిసరి చేసి, తుదియేట బీమా, ఋణము, ధరల ఫైనాన్సును చేర్చిన యొక వర్గమును తెఱచుటకు మీకు అడ్డేమి? అధ్యాపకులు లేరందురా, ఖాళీలు నింపుడు. ప్రయోగశాల లేదందురా, దానికి ప్రయోగశాల వ్యవసాయ మార్కెట్టు యార్డు. దినదినపు ధర లచ్చట వ్రాయబడుచున్నవి. వానలెక్క పరిశోధనాక్షేత్రమున నున్నది. బీమా పరిహారపు జాబితా మండల కార్యాలయమున నున్నది. ఇయ్యమన్నచో సమాచారహక్కు చట్టము క్రింద కోరు దరఖాస్తు మేమే వ్రాసి యిచ్చెదము, రుసుము పుచ్చుకొనము.

తలిదండ్రులకు ఒక్కటి. ఫీజు కట్టుటకు ముందు పాఠ్యప్రణాళిక నడుగుడు. అందు వాస్తవ విశ్లేషణము, రేఖీయ బీజగణితము, సంభావ్యత ఏ సంవత్సరమున నున్నవో, ఎన్ని గంటలున్నవో, ఎవరు చెప్పుదురో చూడుడు. బాలుడు స్వహస్తముతో ప్రోగ్రాము వ్రాయునా, లేక బొమ్మలు చూచునా కనుగొనుడు. గుమాస్తా జీతముల కాగితము తీసి చూపినచో, ఆ జీతము నిరుడు ఎందఱికి వచ్చినదో, మిగిలినవారేమైరో వ్రాతపూర్వకముగ నిమ్మనుడు. ఇయ్యకున్నచో కుదువబెట్టదలచిన పట్టాదారు పుస్తకమును సంచిలో పెట్టుకొని, సాయంకాలపు బస్సులో ఇంటికి పొండు.